పై దిక్కు లేని పుస్తకం

నా చేతిలో మొట్టమొదట ఊడిపోయింది బడి నుంచి తెచ్చుకున్న ఒక పల్చటి కథల పుస్తకం. అప్పుడు మేం భూపాలపల్లిలో, గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్నను బాపు అనేదాన్ని, ఆయన బొగ్గు గనిలో పనిచేసేవాడు. నేను నాలుగో తరగతి. పుస్తకం నడుమ రెండు పిన్నులు కనిపించాయి. వాటిని చెంచా కొసతో లేపితే ఏమవుతుందో చూడాలనిపించింది. లేపాను. కాగితాలన్నీ ఒళ్ళోకి జారాయి.

ఏడుపు రావాల్సిన చోట ఒక వింత కంట్లో పడింది. ఒకే కాగితం మీద ఎడమవైపు ఆఖరి పేజీ ఉంది, కుడివైపు మొదటి పేజీ ఉంది. దాని కింది కాగితం తీస్తే మూడో పేజీకి పక్కన చివరి నుంచి మూడోది. చదివేటప్పుడు ఎంతో దూరంగా ఉండే పేజీలు నిజానికి పక్క పక్కనే ఉన్నాయి. నాకేమీ అర్థం కాలేదు.

బాపు మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, గుమ్మం దగ్గర చాయ్ తాగుతున్నాడు. నా ఒళ్ళో కాగితాల కుప్ప చూశాడు.

"ఏం జేసినవ్ బిడ్డా?"

"లోపల ఎట్లున్నదో సూద్దామని తీసిన."

"మరి సూసినవా? ఎట్లున్నది?"

"మొదటి పేజీ, ఆఖరి పేజీ ఒక్క కాయితం మీదనే ఉన్నయి బాపు. గట్లెట్లయితది?"

బాపు గ్లాసు పక్కన పెట్టాడు. "నాకేం ఎరుక? నిన్నటి పేపర్ తే, సూద్దాం."

పేపర్లో ఒక కాగితాన్ని మూడుసార్లు మడిచాడు. మడతల మధ్య వేలు దూర్చి, ఒక్కో మూల మీద పెన్సిలుతో వరుసగా అంకెలు వేయమన్నాడు. వేశాను. తర్వాత మడత విప్పి నేల మీద పరిచాడు. అంకెలన్నీ చెల్లాచెదురుగా ఉన్నాయి. సగం తలకిందులుగా ఉన్నాయి. మళ్ళీ మడిచాడు, అన్నీ వరుసలోకి వచ్చాయి. మళ్ళీ విప్పాడు, మళ్ళీ చెదిరాయి. అలా ఎంతసేపు మడిచి విప్పామో తెలియదు. మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

"పుస్తకం ఊడబీకిన పిల్లకు నాలుగు తగిలియ్యక, పేపర్ గూడ పాడుజేసుడు నేర్పుతున్నవా?" అంటూ అమ్మ లోపలి నుంచి అరిచింది.

పెద్దయ్యాక పుస్తకాల డిజైన్ నా వృత్తి అయింది. ఈ పనిలోకి ఎలా వచ్చావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు ఆ గుమ్మం తప్ప మరో జవాబు దొరకదు.

బాపు రిటైరయ్యాక అమ్మ పుట్టిన ఊరు జనగామకు వచ్చేశాం. డిగ్రీ చదువుతూ స్టేషన్ రోడ్డు వైపు ఒక పెళ్ళి పత్రికల దుకాణంలో పనికి కుదిరాను. కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చడం నా పని. దుకాణం యజమానిని అందరూ అన్న అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన చెక్క చట్రానికి బిగించిన సన్నటి గుడ్డ మీద రంగు పోసి, రబ్బరు పలకతో లాగి, ఒక్కో పత్రికనూ చేత్తో అచ్చు వేసేవాడు. కొత్త రంగు వాసన జుట్టులోకి కూడా ఎక్కేది.

ఆ దుకాణంలో నన్ను పట్టుకున్నది పత్రికను జనం చదివే తీరు. ఎవరూ పై నుంచి కిందికి చదవరు. ముందు తమ పేరు వెతుక్కుంటారు. అది సరిగా ఉంటేనే ముహూర్తం చూస్తారు. కళ్ళు కాగితం మీద ఎక్కడ దిగి, ఎక్కడికి నడుస్తున్నాయో దొంగచాటుగా గమనించడం నాకు అలవాటైంది.

ఒకరోజు ఒక పెద్దమనిషి చేతిలో పత్రిక ఊపుకుంటూ లోపలికొచ్చాడు. పెళ్ళికొడుక్కి చిన్నాన్న.

"ఏందిది? నా పేరు బావమరిది పేరు కింద ఎట్లేసిన్రు? నేనేమన్న పరాయోన్నా?"

అన్న బతిమాలాడు. పేరు పైకి జరిపితే బావమరిది వస్తాడు గొడవకి. అన్న నా వైపు చూశాడు. నేను పేర్లన్నీ తీసి, నడుమ వినాయకుడిని పెట్టి, చుట్టూ గుండ్రంగా అమర్చాను. పెద్దమనిషి ఆ నమూనాను చేతిలోకి తీసుకుని, మెల్లగా తిప్పి తిప్పి, తన పేరు పైకి వచ్చినప్పుడు ఆపాడు.

"ఆఁ, గిప్పుడు మంచిగున్నది," అన్నాడు.

వినాయకుడు పక్కకు ఒరిగి పడుకున్నాడు. అది ఆయనకు పట్టలేదు.

తర్వాత హైదరాబాదులో డిజైన్ చదివాను. ఒక ప్రచురణ సంస్థలో ఉద్యోగం దొరికింది. పుస్తకాల పై అట్టలు డిజైన్ చేయడం పని. లోపలి పేజీల జోలికి పోనిచ్చేవారు కాదు. లోపల ఏముంటుంది, అక్షరాలే కదా అనేవారు. నాకేమో లోపలే ఆసక్తి. మార్జిన్ ఎందుకు అంత ఉంది? అది బొటనవేలు పెట్టుకోవడానికి. పేరా మొదట్లో ఖాళీ ఎందుకు? ఊపిరి తీసుకోవడానికి. ఇలాంటివి నాలో నేనే అనుకుని సంతోషపడేదాన్ని.

చివరికి ఒక కథల సంపుటి మొత్తం నా చేతికి వచ్చింది. ఆ కథల్లో మనుషులు దారి తప్పుతూ ఉంటారు. చదివేవాళ్ళు కూడా తప్పిపోవాలని పేజీ నంబర్లు తీసేశాను, విషయసూచిక తీసేశాను. రచయిత మురిసిపోయాడు. పుస్తకం బయటకు వచ్చాక అచ్చు తప్పు పడిందని కొందరు వెనక్కి తెచ్చారు. సంస్థలో వాళ్ళు తలలు పట్టుకున్నారు. నాకు మాత్రం వెనక్కి తెచ్చినవాళ్ళతో మాట్లాడాలనిపించింది. కౌంటర్ దగ్గర నిలబడ్డ ఒక పెద్దాయన్ని అడిగాను.

"నంబర్లు లేకుంటే ఏమైతది సార్?"

"ఇంక ఎంత మిగిలిందో తెల్వది గదమ్మా," అన్నాడాయన. "మంచి కథ అయితే మెల్లగ సదువుకుంట, తొందరగ అయిపోగొట్టద్దని. ఎంతున్నదో తెల్వకపోతే ఎట్ల దాచుకోవాలె?"

కథను దాచుకోవడం! పాఠకుడు అలాంటి పని చేస్తాడని నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి నా ప్రశ్న మారింది. పుస్తకంతో నేనేం చేయగలనా అని కాకుండా, పుస్తకంతో జనం ఏం చేస్తున్నారా అని చూడడం మొదలుపెట్టాను. ఎవరు పట్టుకుంటారు, ఎక్కడ కూర్చుంటారు, ఆ సమయంలో రెండో చెయ్యి ఏం చేస్తుంటుంది? వీటికి జవాబు తెలిస్తే పుస్తకం రూపం దానంతటదే మారుతుందని నా నమ్మకం. ప్రయోగమని పేరు పెట్టి ఊరికే రూపం మారిస్తే ఆ పెద్దాయన మళ్ళీ కౌంటర్ దగ్గరికి వస్తాడు.

కొన్నేళ్ళకు ఆ సంస్థ అచ్చు పుస్తకాలు తగ్గించేసింది. నేను జనగామకు తిరిగొచ్చి, పైగదిలో కంప్యూటర్ పెట్టుకుని, దూరం నుంచి వచ్చే పనులు చేసుకుంటున్నాను. అన్న దుకాణానికి సాయంత్రాలు ఊరికే వెళ్ళి కూర్చునేదాన్ని. అక్కడే ఆ టీచరమ్మ కలిసింది.

తమ్ముడి పెళ్ళి పత్రిక కోసం వచ్చింది. మహబూబాబాద్ దగ్గర ఒక తండా ఆమెది. అక్కడి ప్రాథమిక బడిలోనే పని. పత్రిక తెలుగులో కొట్టించాక ఒక మాట అడిగింది.

"మా మాటల గూడ పుస్తకం అచ్చేస్తరా అక్కా?"

"పత్రికనా?"

"కాదు. పొల్లగాండ్లకు. ఇంట్ల మా లంబాడీ మాట మాట్లాడుతరు, బడికొస్తే తెలుగు. ఒకటో తరగతిల పుస్తకం తెరువంగనే మూగోళ్ళైతరు. వాళ్ళ మాట ఒక్కపారి అచ్చుల కనవడ్తే సాలు. మా నాయనమ్మ కథలు చెప్తది. మాకు వేరే అక్షరాలు లెవ్వు, తెలుగు అక్షరాలల్లనే రాస్తం."

సొంత మాటలో ఎప్పుడూ పుస్తకం చూడని పిల్లలు పుస్తకాన్ని ఎలా పట్టుకుంటారు? నాకు ఆ ప్రశ్న చాలు. ఆ వారమే రైలెక్కాను.

ముందు అక్షరాల దగ్గరే ఒక చిక్కు వచ్చింది. ఆ భాషలో కొన్ని మాటల చివర గాలి ముక్కులోకి జారుతుంది. సున్నా పెడితే మరీ గట్టిగా పలుకుతున్నారు. పెట్టకపోతే మాటే మారిపోతోంది. "గా ముక్కు సప్పుడు తెలుగుల రాదక్కా," అంది టీచరమ్మ. నేను ఫాంటులోని గుర్తులన్నీ తెరిచి వెతుకుతుంటే ఒక మూల అరసున్న కనిపించింది. తెలుగులో మనం దాదాపు వదిలేసిన గుర్తు. చిన్న నెలవంకలా ఉంటుంది. దాన్ని ఆ మాటల పక్కన పెట్టి చూపించాను. మన బళ్ళలో వ్యాకరణం పాఠానికి మాత్రమే మిగిలిన ఆ గుర్తుకు తండాలో రోజువారీ పని దొరికింది. పిల్లలు దానికి 'ముక్కు' అని పేరు పెట్టారు.

మొదటి నమూనా నాకెంతో ఇష్టంగా చేశాను. ఒకే పొడవాటి అట్టను విసనకర్రలా ముందుకీ వెనక్కీ మడిచి, మడతకో బొమ్మ, మడతకో వాక్యం. విప్పితే కథంతా ఒకే చూపులో కనిపిస్తుంది. గర్వంగా తీసుకెళ్ళి బడి వరండాలో పిల్లల ముందు పెట్టాను. ఒకడు ఒక కొస పట్టుకున్నాడు, ఇంకొకతె రెండో కొస పట్టుకుంది. డోర్నకల్ వైపు పోయే రైళ్ళు ఆ పిల్లలు రోజూ చూసేవే. వెంటనే కూత మొదలైంది. నా పుస్తకం మైదానంలో రెండు చుట్లు తిరిగి, మలుపు దగ్గర రెండు ముక్కలైంది.

టీచరమ్మ కంగారు పడింది. "పరేషాన్ గాకు అక్కా, వీళ్ళు గింతే."

నేను నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చున్నాను. అంత పొడుగ్గా, అన్ని పెట్టెలతో ఉన్నది చేతికిస్తే రైలు కాక ఏమవుతుంది?

మిగిలిన ముక్కను టీచరమ్మ వాళ్ళ నాయనమ్మకు ఇచ్చాను. కథలు ఆమెవే కదా. ఆమె చేతులు వెనక్కి లాక్కుని కొంగులో దాచుకుంది.

"వద్దు బిడ్డా."

"ఎందుకవ్వా? నువ్వు చెప్పిన కథే."

"ఏ దిక్కు పైనో ఏ దిక్కు కిందో నాకెట్ల ఎరుక? ఒకపారి బ్యాంకుల కాయితం తలకిందులు పట్టుకున్న. ఆడ నిలవడ్డోళ్ళందరు నవ్విన్రు. సూస్త తియ్యి, నువ్వే పట్టుకో."

నేనే పట్టుకున్నాను. ఆమె ముందుకు వంగి మేక బొమ్మను చూసి, "మా మేకకు గింత కడుపు లేదు," అంది.

ఆ మధ్యాహ్నం పిల్లలు మామూలు తెలుగు వాచకం చదువుతుంటే పక్కన కూర్చున్నాను. బల్లలు లేవు. నేల మీద ఒక పుస్తకం, దాని చుట్టూ నలుగురు. ఒక పిల్లకు అక్షరాలు నేరుగా ఉన్నాయి. ఇద్దరికి పక్కగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న చిన్న పిల్లకు పూర్తిగా తలకిందులు. అయినా ఆ చిన్నదే అందరికంటే గట్టిగా చదువుతోంది. బట్టీ పట్టి ఉంటుందనుకుని వేరే పేజీ తిప్పాను. అదీ చదివింది.

"ఇటు రా, సక్కగ కూసోని సదువు," అని పుస్తకాన్ని ఆ పిల్ల వైపు తిప్పాను.

పిల్ల తడబడింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. తల పక్కకు వంచి చూసింది. చివరికి పుస్తకాన్ని మళ్ళీ తలకిందులుగా తిప్పుకుని గబగబా చదివేసింది.

టీచరమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ పిల్ల ఇంట్లో రోజూ అక్క ఎదురుగా కూర్చునేదట. ఇద్దరికీ కలిపి ఒకటే పుస్తకం. అక్కకు నేరుగా ఉన్న అక్షరాలు చెల్లెలికి తలకిందులుగానే పరిచయమయ్యాయి. తలకట్లు కింద ఉండడమే ఆ పిల్లకు సహజం.

"ఇన్ని దినాలు నేను సూడనే లేదక్కా," అంది టీచరమ్మ. "మంచిగ సదువుతున్నదనుకున్న, గంతే."

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు. పుస్తకానికి పై దిక్కు ఎవరు పెట్టారు? గోడకు వేలాడేదానికి పై దిక్కు ఉంటుంది. నిలబెట్టేదానికి ఉంటుంది. నేల మీద పరిచి చుట్టూ కూర్చుంటే, రొట్టెల పళ్ళానికి పై దిక్కు ఏది?

జనగామలో దిగేసరికి కొత్త పుస్తకం రూపం ఒకటి మనసులో తయారైంది. చతురస్రంగా పెద్ద అట్టలు. అట్ట నడుమ బొమ్మ. నాలుగు అంచుల వెంట నాలుగు వాక్యాలు, ఒక్కోటి ఒక్కో వైపు కూర్చున్నవాళ్ళకు నేరుగా. అట్టలన్నింటినీ ఒక మూల చిల్లు పొడిచి, బస్తాలు కుట్టే దారంతో వదులుగా కట్టడం. చదివేసిన అట్ట మూల దగ్గర తిరిగి కిందికి పోతుంది. నలుగురికీ తలా ఒక వాక్యం. కథ పూర్తి కావాలంటే నలుగురూ ఉండాలి. ఒక్కరే ఉంటే పుస్తకాన్ని తిప్పుకోవాలి.

అయితే కథ ఏ అంచు నుంచి మొదలవ్వాలి? ఒక అంచుకు గుర్తు పెడితే అదే పై దిక్కు అయిపోతుంది. ఈ సంగతి చెబితే టీచరమ్మ నాయనమ్మను అడిగింది. ఆమె చిటికెలో తేల్చేసింది.

"తిరిగే కథలు ఉన్నయి గద," అంది. మేక గడ్డిని అడుగుతుంది, గడ్డి వానను అడుగుతుంది, వాన గుట్టను అడుగుతుంది, గుట్ట మళ్ళీ మేకనే అడుగుతుంది. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే వస్తుంది. అలాంటివి ఇంకొన్ని చెప్పింది. కొన్ని సరిపోక మేమే వంచి గుండ్రంగా చేశాం. ఆమె ఒప్పుకోని చోట ఆ కథ వదిలేశాం.

అచ్చు వేయడానికి నాకు అన్న దుకాణమే గుర్తొచ్చింది. పెళ్ళి పత్రికల అట్ట దళసరిగా ఉంటుంది, ఆయన చేతి రంగు ఏళ్ళు గడిచినా వెలిసిపోదు. అన్న మొదటి అట్టను చట్రం కింద పెట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి ఆగిపోయాడు.

"చెల్లె, పత్రికకైతే పైన దేవుని బొమ్మ ఉంటది. దీనికి పై దిక్కే లేకపాయె. దేవున్ని ఏడ పెట్టాలె?"

"దేవుడు వద్దన్నా. మేక ఉన్నది నడుమ."

ఆయన కాసేపు చూసి నవ్వాడు. "గా చిన్నాయిన పత్రిక లెక్కనే ఉన్నదిది! అప్పుడు వినాయకుడు పండుకున్నడు, ఇప్పుడు మేక పండుకుంటది." నేను ఆ పత్రిక సంగతే మరిచిపోయాను. ఆయన మరవలేదు.

మొదటి ప్రతులు తీసుకుని తండాకు వెళ్ళిన రోజు ఎండ మండుతోంది. వరండాలో ఒక పుస్తకం పరిచాం. పిల్లలు నలుగురు చేరారు. తలకిందుల పిల్ల ఒక వైపు కూర్చుంది. తనకు ఎదురుగా ఉన్న వాక్యం తలకిందులుగా కనిపించింది కాబట్టి మొదట దాన్నే చదివేసింది. ఆ వైపు కూర్చున్న పిల్లవాడికి కోపం వచ్చింది.

"అది నాది!" అని వాళ్ళ మాటలో అరిచాడు. టీచరమ్మ నాకు తెలుగులో చెప్పింది.

నాకూ టీచరమ్మకూ తోచలేదు గానీ పిల్లలకు తోచింది. ఒకరి వాక్యం ఇంకొకరు చదవాలంటే చోటు మారాలి. వాళ్ళు లేచి చోట్లు మారారు. కథ తిరిగినట్టే పిల్లలూ తిరిగారు. తలకిందుల పిల్ల మిగతా మూడు వైపుల నుంచీ చదవడానికి కొన్నాళ్ళు పట్టిందని టీచరమ్మ తర్వాత ఫోన్‌లో చెప్పింది.

నాయనమ్మ గోడకు ఆనుకుని దూరం నుంచి చూస్తోంది. ఒక పుస్తకం తీసుకెళ్ళి ఆమె ముందు నేల మీద పెట్టాను.

"దీనికి పైన కింద లేదవ్వా. ఎటు పట్టుకున్నా సక్కనే."

"నిజంగనా?" అని టీచరమ్మ వైపు చూసింది. మనవరాలు తలూపింది. నాయనమ్మ చెయ్యి చాచి పుస్తకాన్ని ఒక చుట్టు తిప్పింది. ఇంకో చుట్టు తిప్పింది. తర్వాత ఒళ్ళో పెట్టుకుంది. మేక కడుపు మీద వేలు పెట్టి, "గిప్పుడు సరిగున్నది," అని, కథ మొదలుపెట్టింది. అక్షరాల వైపు చూడలేదు. ఆమెకు ఆ అవసరం లేదు.

అంతా సాఫీగా నడిచిందని చెప్పను. బడి చూడడానికి వచ్చిన ఒక అధికారి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చిరాకు పడ్డాడట.

"దీన్ని పుస్తకమంటరా? మొదటి పేజీ ఏది?"

"నువ్వు కూసున్న కాడే సార్," అందట తలకిందుల పిల్ల. ఆయన నవ్వి ఊరుకున్నాడు, కానీ మిగతా బళ్ళకు కావాలని అడగలేదు. హైదరాబాదులో ఒక సభలో చూపిస్తే ఇది పుస్తకమా, ఆటవస్తువా అని పెద్ద చర్చ జరిగింది. నేను రెండు వైపులా విన్నాను. రెండు వైపులా పాయింటు ఉంది. ఆ చర్చ తేలకముందే చుట్టుపక్కల తండాల టీచర్లు కొందరు అన్న దుకాణానికి వచ్చి తమకూ కావాలన్నారు. నాకు ఆ జవాబు సరిపోయింది.

మలి అచ్చు వేసే ముందు పాత ప్రతులు ఒకసారి చూడాలని టీచరమ్మను అడిగాను. చిరిగినవి, మరకలు పడినవి అన్నీ బస్తాలో వేసి పంపింది. దుకాణం నేల మీద పరిచాను. మామూలు పుస్తకం కింది కుడి మూల ముందు నలుగుతుంది, పేజీ తిప్పే వేలు అక్కడే పడుతుంది కాబట్టి. వీటి మూలలు గట్టిగానే ఉన్నాయి. నడుమ మాత్రం అరిగిపోయి, కొన్నిట్లో చిల్లే పడింది. పిల్లలు నడుమ వేలు నొక్కి పెట్టి బొంగరంలా తిప్పుతున్నారన్నమాట. "ఎట్లాగు చిల్లు పడ్తదంటే మనమే పొడిచి ఇద్దాం చెల్లె," అన్నాడు అన్న. కొత్త అచ్చులో ప్రతి అట్ట నడుమా వేలు పట్టేంత గుండ్రటి రంధ్రం పెట్టాం. మేక కడుపులో, వాన మబ్బులో, రొట్టె మధ్యలో.

ఆ పాత ప్రతుల్లో ఒక అట్ట మాత్రం నాకు అర్థం కాలేదు. అన్ని ప్రతుల్లోనూ అదొక్కటే నిన్న అచ్చయినట్టు మెరుస్తోంది. ఎక్కడా అరుగుదల లేదు, మరక లేదు. ఆ కథ పిల్లలకు నచ్చలేదేమో, తీసేద్దామా అని టీచరమ్మకు ఫోన్ చేశాను.

"అయ్యో, తియ్యకక్కా! అందరికంటె ఎక్కువ సదివేది గదే."

"మరి ఎవ్వరు ముట్టుకున్నట్టే లేదు?"

ఆమె ఫోన్‌లో పగలబడి నవ్వింది. "నడుమ నువ్వేం బొమ్మ గీసినవో సూడు."

చూశాను. చుట్టలు చుట్టుకుని పడగ ఎత్తిన పాము.

"గది వచ్చినప్పుడు అందరు చేతులు ఎన్కకు కట్టుకోని సదువుతరు," అంది.